ఏడు పుస్తకాల పెట్టె

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "మావాడికి మాయలూ మంత్రాలూ ఉన్న పుస్తకాలేవైనా చెప్పు" అంటారు. వాడి వయసు అడిగితే, "ఇంగ్లీషు గడగడా చదివేస్తాడులే" అని జవాబొస్తుంది. నా పేచీ అంతా అక్కడే. చదవగలగడం వేరు, చదివినదాన్ని రాత్రి దీపం ఆర్పాక తట్టుకోగలగడం వేరు. మొదటిది బడి నేర్పుతుంది. రెండోదానికి ఏళ్లు రావాలి.

హ్యారీ పాటర్ సంగతే చూడండి. మొదటి పుస్తకం 1997లో వచ్చింది, ఏడోది 2007లో. కథలో హ్యారీ మాంత్రికుల బడికి వెళ్లేటప్పటికి పదకొండేళ్లవాడు, చివరికి వచ్చేసరికి పదిహేడేళ్లవాడు. బ్రిటిష్ ముద్రణలో మొదటి భాగం 223 పేజీలు, ఐదోది 766. పుస్తకం లావెక్కినకొద్దీ కథా చిక్కనైంది. నాలుగో భాగం చివర శ్మశానంలో, అడ్డుగా ఉన్నాడన్న పాపానికి, తోటి విద్యార్థి ఒకడు క్షణంలో చచ్చిపోతాడు. అది అచ్చయింది 2000లో. మొదటి భాగంతో మొదలుపెట్టిన పిల్లలు ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి మూడేళ్లు పెద్దవాళ్లయ్యారు. ఐదో భాగం కోసం ఇంకో మూడేళ్లు పళ్లు నూరుకుంటూ కూర్చున్నారు. ఏ పుస్తకం ఏ వయసుకని ఎవరూ తూకం వెయ్యనక్కర్లేకపోయింది, క్యాలెండరే ఆ పని చేసిపెట్టింది. ఇప్పుడు పుట్టినరోజుకి ఏడూ ఒకే అట్టపెట్టెలో వస్తున్నాయి. మే నెలలో విప్పిన పిల్ల బళ్లు తెరిచేలోపు శ్మశానం దాటేస్తుంది. కొనిచ్చినవాళ్లు మాత్రం పెట్టె మీది బొమ్మ చూసి మురిసిపోతూంటారు.

చందమామ మాసపత్రిక చదివి పెరిగిన పిల్లలకి ఈ బెడద ఉండేది కాదు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యంగారు ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు, తన పేరైనా వేసుకోకుండా. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి ఏ ఆపదలో ఇరుక్కున్నా, బయటపడేది వచ్చే నెలలోనే. ఆ నెలంతా పిల్లలు తామే వాళ్లని తప్పించే ఉపాయాలు పన్నుకునేవారు. పైగా ఆయన భయపెట్టడంలో మర్యాద ఉంది. మాంత్రికుడి తల తెగిందంటే ఒక్క వాక్యంలో తెగుతుంది, నెత్తురు వర్ణన ఉండదు, కథ గుర్రమెక్కి ముందుకు పోతుంది. చిత్రాగారి బొమ్మల్లో రాక్షసులు కోరలు చాచి నిలబడ్డా ఎనిమిదేళ్లవాళ్లు హాయిగా చూసేవారు. ఆ సీరియళ్లు ఈమధ్య పుస్తకాలుగా వచ్చాయి. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలకి పెద్దవాళ్లు రోజుకో భాగం చదివి వినిపించి, సరిగ్గా గుహ ముందు మూసెయ్యాలి. బతిమాలినా సరే.

అయితే భయం ఎక్కడ నక్కి ఉంటుందో అట్ట మీది వయసు అంకె చెప్పదు. నాలుగో తరగతి చదివే మా చెల్లెలి కూతురికి హ్యారీ పాటర్ మొదటి భాగం నేనే చదివి చెప్పాను. స్నానాలగదిలోకి భూతంలాంటి ట్రోల్ వచ్చిన చోట కాస్త మెల్లగా వెళ్దామనుకున్నాను. దాని ముక్కులోకి మంత్రదండం దూరిందనగానే పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాతెప్పుడో అద్దం ఘట్టం వచ్చింది. హ్యారీ ఆ అద్దంలోకి చూస్తే చనిపోయిన అమ్మానాన్నా లోపలి నుంచి నవ్వుతూ చెయ్యి ఊపుతారు. వాడు అద్దానికి చేతులు ఆనిస్తాడు, మర్నాడు మళ్లీ వెళ్తాడు. పిల్ల నవ్వు ఆగిపోయింది. "అద్దం తీసేస్తే మళ్లీ కనబడరా పెద్దమ్మా?" అంది. వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటాడు, శుక్రవారం శుక్రవారం ఫోన్ తెరలో చెయ్యి ఊపుతాడు. ఆ పూటకి పుస్తకం పక్కన పెట్టి, ఇద్దరం వంటింట్లోకి పోయి పెసరట్లు వేసుకున్నాం. వారం తర్వాత తనే తెచ్చి నా ఒళ్లో పడేసింది.

అందుకే ఎవరికి పుస్తకం చెప్పాలన్నా ముందు ఆ ఇంటి సంగతులు అడుగుతాను. దెయ్యాలున్నాయా లేవా అన్నది తర్వాత.

పిల్లల తీర్పుకి విలువిచ్చిన ప్రచురణకర్తలూ లేకపోలేదు. టోల్కీన్ 'హాబిట్' రాతప్రతిని లండన్ ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్‌కి ఇచ్చి, సమీక్ష రాసినందుకు ఒక షిల్లింగు చెల్లించాడు. అయిదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లకి బాగుంటుందని వాడి సిఫారసు. పదేళ్లవాడి దర్జా అది! పుస్తకం 1937లో వచ్చింది. పొట్టివాళ్లు, డ్రాగన్, చీకట్లో పొడుపుకథల పందెం - తొమ్మిదేళ్లకి నిజంగానే కుదురుతుంది. అది నచ్చిందని వెంటనే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చేతిలో పెట్టకండి. అదే లోకం, అదే ఉంగరం, కానీ వంశవృక్షాల మధ్య పిల్లలు దారి తప్పుతారు. పద్నాలుగేళ్లకి వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

నార్నియా కథల సెట్టు కొనేవాళ్లకి ఒక మాట. ఇప్పటి సెట్లలో ఒకటో నంబరు వేసి ఉన్నది 'మెజీషియన్స్ నెఫ్యూ'. రచయిత లూయిస్ దాన్ని 1955లో గాని వెయ్యలేదు. ఆయన మొదట రాసింది 1950 నాటి బీరువా కథ: లూసీ అనే పిల్ల బీరువాలో వేలాడే కోట్ల మధ్య నుంచి నడుస్తుంటే కాళ్ల కింద మంచు కరకరమంటుంది, అడవి నడిమధ్య ఓ దీపస్తంభం వెలుగుతూంటుంది. ఆ స్తంభం అక్కడికెలా వచ్చిందో 'నెఫ్యూ' విప్పి చెప్పేస్తుంది. ముందే చెప్పేస్తే లూసీ వెంట నడిచే పిల్లకి ఆశ్చర్యపోవడానికి ఏం మిగులుతుంది? నంబర్లు పట్టించుకోకుండా బీరువాతోనే మొదలుపెట్టించండి. మిగతా ఆరూ అటక మీద పెట్టండి, అడిగినప్పుడు ఒక్కొక్కటే దించవచ్చు.