సంగీత్‌కి ముందు పోచంపల్లి

అక్క సంగీత్‌లో అద్దె లెహంగా బరువుకి రెండో పాటకే కూర్చుండిపోయా. ఫొటోల్లో అదిరిపోయా కానీ, అక్క డ్యాన్స్ వీడియోలో మాత్రం నేను లేను! అందుకే చిన్నాన్న కూతురి సంగీత్‌కి ముందు పోచంపల్లి బస్సెక్కా. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లలోపే.

మగ్గం దగ్గరున్న పెద్దమ్మ ధర చెప్పలేదు. "ఎగురుతవా బిడ్డా, కూసుంటవా?" అనడిగింది. ఎగరాలంటే కాటన్ ఇక్కత్, రాత్రి రిసెప్షన్‌కైతే పట్టు అంది. ఆఫీస్ పార్టీకి సాదా ఇక్కత్ కుర్తీ చాలట. ఇక్కడ నూలుకి ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండువైపులా కనిపిస్తుంది. లోపల గుచ్చుకునే ఎంబ్రాయిడరీ గోలే లేదు.

ఎర్ర కాటన్‌తో అనార్కలీ కుట్టించా, జేబులతో సహా (టైలర్ నవ్వాడులెండి). సంగీత్ ఈ శనివారమే. అక్క కూడా వస్తోంది.