శారదకు, పిన్ని నడక గురించి

గుంటూరు,
ఆదివారం రాత్రి

శారదా,

నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నాకు శాస్త్రం చెప్పబుద్ధి కాలేదు. "నిమ్ము చేసి ఊపిరాడక చేర్చిన మనిషిని, ఎనభైకి దగ్గరపడ్డదాన్ని, కారిడార్లో నడిపిస్తారా? నువ్వు డాక్టరువేనా విజయా?" అన్నావు. మీ తమ్ముడు పంపిన వీడియో అంత పని చేసింది. నడిపించమని రాసింది నేనే. ఎందుకో తీరిగ్గా చెప్తాను, మెల్‌బోర్న్‌లో నీకు నిద్ర పట్టని వేళ చదువుకో.

ముందు జబ్బు సంగతి. జ్వరం పోయింది, ఆక్సిజన్ తీసేశాం, రేపటి నుంచి సూదులు ఆపి మాత్రలు ఇస్తాం. ఆ వైపు నుంచి దిగుల్లేదు. నన్ను కంగారు పెట్టింది మూడో రాత్రి. మీ వాళ్లు నీకు పూర్తిగా చెప్పి ఉండరు. సాయంత్రం దాకా బాగానే ఉన్న పిన్ని చీకటి పడ్డాక సెలైన్ పీకేసింది. పోయిన మీ పెద్దమ్మను పేరు పెట్టి పిలిచింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని మంచం దిగబోయింది. సిస్టర్‌ని దొంగ అంది. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు కాఫీ అడిగింది. గాలి సోకింది, దిష్టి తీయాలని మీ మరదలు. తీసుకోమన్నాను, నిప్పు మాత్రం వార్డులోకి తేవద్దన్నాను. మీ తమ్ముడేమో నిద్రకు సూది వేసేయమని పట్టుబట్టాడు.

దీన్ని మేం డెలీరియం అంటాం. పెద్దవయసులో ఇన్ఫెక్షను, ఆపరేషను, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్త మందు, ఏదైనా చాలు, మెదడు కొన్నాళ్లు గాడి తప్పడానికి. ముసలితనపు మతిమరుపు ఏళ్ల మీద ముదురుతుంది. ఇది గంటల్లో వస్తుంది, పూట పూటకీ మారుతుంది. అందరూ పిన్నిలా గొడవ చేయరు కూడా. కొందరు మాటాపలుకూ లేకుండా మగతగా పడుంటారు. "పాపం, నెమ్మదిగా పడుకుంది" అనుకుని రౌండ్స్‌లో దాటిపోతాం. నన్నడిగితే భయపడాల్సింది వాళ్ల గురించే.

సూది వేయలేదు. తనకో పక్కవాళ్లకో ప్రమాదం అనిపిస్తే తప్ప ఆ వయసులో వాటి జోలికి వెళ్లం. మగత పెరుగుతుంది, లేవబోయి పడతారు. దానికి బదులు మంచం చుట్టూ వెతికాను. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. చెవి మిషను మీ మరదలి హ్యాండ్‌బ్యాగులో ఉంది, "ఎక్కడైనా పోతుందేమోనని." తలమీద ట్యూబులైటు రాత్రంతా వెలుగుతూనే ఉంది. అవసరం తీరిపోయాక కూడా యూరిన్ పైపు ఉంది, దానివల్ల పక్కకు తిరగడానికి కూడా లేదు. ఆమెకు సరిగ్గా కనిపించదు, వినిపించదు, ఇది పగలో రాత్రో తెలియదు. అలా ఉంటే మనిద్దరికీ పాలు పొంగిపోతాయి.

ఈ వెతకడం నా తెలివేం కాదు. అమెరికాలో షారన్ ఇనోయే అనే వైద్యురాలు యేల్ ఆస్పత్రిలో డెబ్బై ఏళ్లు నిండిన 852 మంది రోగుల మీద చేసిన పరిశోధన 1999లో అచ్చయింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతోపాటు అదనంగా చేసినవి వింటే నీకు నవ్వొస్తుంది. కళ్లజోడు పెట్టారు, చెవిలో మిషను పెట్టారు, ఇవాళేం వారమో చెప్పి కబుర్లాడారు, నీళ్లు తాగించారు, నడిపించారు. రాత్రి నిద్రమాత్ర బదులు వేడి పాలు ఇచ్చి, మెత్తటి సంగీతం పెట్టి, వీపు రాశారు. మామూలు వైద్యం పొందినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వచ్చింది, వీళ్లలో 9.9 శాతానికి. ఒకసారి వచ్చాక దాని తీవ్రత మాత్రం వీటివల్ల తగ్గలేదట. అందుకే రాకముందే చూసుకోవాలి. మొదటిరోజే ఎవరో ఒకరు కళ్లజోడు అడిగి ఉండాల్సింది.

ఇక నడక. మంచం మీది నుంచి లేవనివ్వకపోవడమే వైద్యం అని చాలాకాలం అనుకున్నారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు, మంచమెక్కడం ఎంత ప్రమాదమో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. సిరల్లో నెత్తురు గడ్డకడుతుంది, ఎముకల్లో కాల్షియం పోతుంది, మలబద్ధకం, పుండ్లు అంటూ ఒళ్లంతా ఒక్కో భాగంగా లెక్క చెప్పాడు. (ఈయన కూతురి కోసమే బీటిల్స్ పాల్ మెకార్ట్నీ వాళ్లింట్లో మకాం పెట్టాడు. నీకు నచ్చే ముక్క కదా అని రాశాను.) 1999లో లాన్సెట్ పత్రికలో కొందరు, పదిహేను రకాల పరిస్థితుల్లో మంచం పట్టించి చూసిన 39 ప్రయోగాలను కలిపి చూశారు. చెప్పుకోదగ్గ మేలు ఒక్కదానిలోనూ కనిపించలేదు, కొన్నిట్లో కీడు కనిపించింది. 2007లో ఆరోగ్యంగా ఉన్న కొందరు వృద్ధులను పది రోజులు మంచానికి పరిమితం చేస్తే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ పోయింది. జబ్బు లేకుండానే! పిన్నికి అంత కండ ఎక్కడుంది పోగొట్టుకోవడానికి?

అయితే "లేపి నడిపిస్తే చాలు" అని కూడా అనలేను. మీ ఆస్ట్రేలియావాళ్లే, మెల్‌బోర్న్ నుంచి నడిపిన ప్రయోగం ఒకటుంది. పక్షవాతం వచ్చిన 2104 మందిని తీసుకుని, కొందరిని ఇరవైనాలుగు గంటలలోపే లేపి, పదేపదే కదిలించారు. మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్లు అలా లేపినవాళ్లలో 46 శాతం, మామూలుగా చూసినవాళ్లలో 50. తొందరపడి ఎక్కువ చేయడం దెబ్బ కొట్టింది. 2015లో అది చదివాక మావాళ్లు చాలామంది నోరు మెదపలేదు. పిన్నిది పక్షవాతం కాదు, నాడి, ఆక్సిజన్ చూసుకుని, ఫిజియో అమ్మాయి పక్కనుండగా, అటూ ఇటూ నాలుగడుగులు. నువ్వు చూసిన వీడియో అదే.

మన దేశపుది ఇంకొకటి చెప్తాను, నాకిది మరీ కొరుకుడు పడలేదు. మన ఆస్పత్రుల్లో పనంతా అటెండెంట్లదే కదా, వాళ్లకే వ్యాయామాలు నేర్పితే పక్షవాతం రోగులు బాగుపడతారని దేశంలో 14 ఆస్పత్రుల్లో 1250 మందితో ప్రయత్నించారు. ఆరు నెలలకు రెండు గుంపుల్లోనూ మరణించినవాళ్లు, పరాధీనమైనవాళ్లు కలిపి 47 శాతమే. తేడా లేదు. పక్షవాతం వైద్యం కూతురి చేతికో కోడలి చేతికో అప్పగించేస్తే అయిపోదన్నమాట. కానీ ఇనోయే వలంటీర్లను పెట్టి చేయించిన పని, పక్కన కూర్చుని మాట్లాడటం, నీళ్లు అందించడం, మీ మరదలు రోజూ చేస్తోంది. ఆమెను గేటు దగ్గర పాస్ అడిగి బయట నిలబెట్టే మా పద్ధతి మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి, అవి ఇంకో ఉత్తరానికి.

మంగళవారం డిశ్చార్జి చేస్తాను. ఇంటికి ఆస్పత్రి మంచం అద్దెకు తెప్పిస్తానన్నావు, తెప్పించకు. తెస్తే దాని మీదే ఉండిపోతుంది. ఆ డబ్బుతో బాత్రూములో పట్టుకునే కడ్డీలు వేయించు, రాత్రికి చిన్న దీపం పెట్టించు. మన సాయంత్రం అయిదింటికి, చీకటి పడకముందే, వీడియో కాల్ చెయ్యి, నీకు అప్పటికి రాత్రి తొమ్మిది దాటుతుంది. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు. నేను శారదనమ్మా, ఇవాళ బుధవారం అని నువ్వే మొదలుపెట్టు. పెద్దమ్మ సంగతి ఎత్తితే పోయిందని వాదించకు, ఆవిడ వంట గురించి అడుగు.

నీ
విజయ