సఖాలిన్ కార్డులు

యూనివర్సిటీలో రష్యన్‌తో పాటు సామాజిక విధానం కూడా చదువుతున్నానంటే, ఆ రెంటికీ పొంతనేమిటని అడుగుతారు. నాకు ఆ పొంతన చూపించింది రష్యన్ రచయిత చెహోవ్. 1890లో, రైలుమార్గం లేని సైబీరియాను బండ్ల మీదా పడవల మీదా దాటి, ఖైదీల దీవి సఖాలిన్ చేరాడాయన. కార్డులు అచ్చు వేయించుకుని, గడపగడపకూ తిరిగి జనాభా లెక్కలు రాశాడు. వయసెంత, ఏ ఊరు, చదువొచ్చా, పెళ్లయిందా, ఖజానా నుంచి సాయం అందుతోందా? మా పాఠాలన్నీ ఆ ఆఖరి ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అంత గొప్ప కథకుడు ఒక్కో మనిషి పేరూ అడిగి రాసుకున్నాడంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఖజానా సాయం గురించిన ఆ ప్రశ్న మీదే 2005 జనవరిలో రష్యా పెన్షనర్లు రోడ్డెక్కారు. ఉచిత ప్రయాణం వంటి రాయితీలు తీసేసి నగదు ఇస్తామంది ప్రభుత్వం. ఇచ్చే డబ్బు చాలదన్నది ఒక కోపం. యుద్ధంలో పోరాడినందుకు, ఏళ్ల తరబడి చాకిరీ చేసినందుకు దక్కిన గౌరవం పోతోందన్నది అంతకన్నా పెద్ద బాధ అని నాకనిపిస్తుంది. విధాన పత్రాల్లో ఆ బాధకు గడి ఉండదు. అందుకే ఆ ముసలివాళ్ల మాటలు రష్యన్‌లోనే చదవాలని పట్టుబట్టాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకో పేజీ.