తాడుకు అవతల

సంక్రాంతి వెళ్ళాక వచ్చే మొదటి ఆదివారం పాచిపెంటలో పిల్లలు తాము చేసుకున్న విమానాలు తెచ్చి ఎగరేసేవారు. ఇప్పుడది లేదు. ఏమైందని అడిగినవాళ్ళందరికీ కరోనాతో ఆగిపోయిందని చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. కరోనా ఇంకా మన ఊళ్ళకు రాకముందే అది ఆగింది. దాన్ని పెంచి పెద్దది చెయ్యాలని ఆత్రపడింది నేను, ఆ ఆత్రమే దాన్ని ఆపింది. ఎలా ఆపిందో నాకే అర్థం కావడానికి చాలా కాలం పట్టింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను సైన్సు మాస్టారిని. విశాఖలో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నాను. అక్కడ బాల్సా చెక్కతో చేయించేవారు. ఆ చెక్క దక్షిణ అమెరికా చెట్టుది, ఖరీదైనది. మా బడి పిల్లల చేత దానితో చేయించే తాహతు ఎవరికీ లేదు. పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండు గుర్తొచ్చింది. బాగా ఆరిన బెండు బాల్సాకన్నా తేలిక. కానీ బలం లేదు, వేలితో నొక్కితే సొట్టపడుతుంది. రెక్క ముందంచుకు సన్నటి వెదురు బద్ద అతికిస్తే నిలుస్తుందని తేలింది.

వెదురు పని నాకు రాదు. కొండమీది ఊళ్ళనుంచి వచ్చి హాస్టల్లో ఉండే జాతాపు, కొండదొర పిల్లలకు వచ్చు. గణుపుకీ గణుపుకీ మధ్య ఏ చెక్కు తీసుకోవాలి, కత్తి ఎటునుంచి దింపాలి, దీపం సెగకు ఎంతసేపు పడితే విరగకుండా వంగుతుంది, ఇవన్నీ వాళ్ళే నాకు చూపించారు. బుట్టో తడికో అల్లే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. ప్రొపెల్లర్ సంగతి మాత్రం నేను చెప్పాను. పెరుగు డబ్బా గోడను ఏటవాలుగా కత్తిరిస్తే రెక్కకు కావలసిన మెలిక దానంతటదే వస్తుంది. ఇంక రబ్బరు పట్టీ, మైదా జిగురు, గాలిపటాల కాగితం. మా విమానంలో ఇంతకు మించి ఏమీ ఉండేది కాదు.

జనవరిలో మా దగ్గర పొద్దున్నే మంచు. మంచు విడిపోయి కొండ రాళ్ళు వేడెక్కాక గాలి లేచి సుంకి ఘాటీ వైపు ఎక్కుతుంది. ఈ రెంటికీ నడుమ కాసేపు ఆకు కదలదు. ఆ కాసేపే మాకు కావాలి. వరి కోసిన మడుల్లో దుబ్బుల మధ్య పిల్లలు వరుసగా నిలబడి రబ్బరు మెలిపెట్టి వదిలేవారు. విమానం ముక్కెత్తి, ఆగి, కూలబడితే ముక్కుకు చిటికెడు బంకమట్టి. వదిలీ వదలగానే నేలకు దిగితే తోక వెనకంచును కాస్త పైకి వంచాలి. బరువు తూగే చోటు రెక్క వెడల్పులో ముందునుంచి మూడోవంతు దగ్గరుండాలని పుస్తకంలో చదివితే ఒక్కరికీ ఎక్కదు, మూడుసార్లు కూలితే అందరికీ ఎక్కుతుంది. ఒకడి విమానం కూలితే పక్కవాడు తనది పక్కన పెట్టి వచ్చి చూసేవాడు. చూడ్డానికి వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ రబ్బరు పట్టుకునేవారు, దూరంగా పడ్డవి ఏరుకొచ్చేవారు. ఊరికే నిలబడి చూసేవాళ్ళంటూ దాదాపు ఎవరూ లేరు. సాలూరు నుంచి ఒడిశా వెళ్ళే లారీలవాళ్ళు రోడ్డుపక్కన ఆపి చూస్తే, వాళ్ళ చేతికీ ఒకటిచ్చి వదలమనేవాళ్ళం.

2017 నవంబరులో అరకులో వేడిగాలి బెలూన్ల పండగ జరిగింది. దేశదేశాల పైలెట్లు వచ్చారు. మనుషుల్ని మోసే బెలూన్లు ఆ లోయ మీద లేస్తుంటే చూసి నేను పొంగిపోయాను. మన కొండల్లో ఇలాంటిది జరగడం నిజంగా గొప్ప సంగతి, ఆ మాట ఇప్పటికీ అంటాను. మరుసటి మార్చిలో హైదరాబాదు వెళ్ళి బేగంపేటలో వింగ్స్ ఇండియా చూశాను. కేంద్ర పౌర విమానయాన శాఖ, ఫిక్కీ కలిసి జరిపే ఆ ప్రదర్శన 2008లో ఇండియా ఏవియేషన్ పేరుతో మొదలైంది. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ కొన్ని రోజులు, మామూలు జనానికి కొన్ని రోజులు. అది పుట్టినప్పటి నుంచీ వ్యాపార ప్రదర్శనే, అలా అని చెప్పుకునే జరుగుతుంది. వాయుసేన సారంగ్ జట్టు హెలికాప్టర్లు నెమలి రంగుల్లో తిరుగుతుంటే చేతులు నొప్పిపుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని మా ఆదివారం ఎంత చిన్నదో అనుకున్నాను. దానికి వేదిక లేదు, మైకు లేదు, పేపర్లో ఫొటో రాదు. పాచిపెంట పేరు నలుగురికీ తెలియాలంటే జనం రావాలి, జనం రావాలంటే చూడదగ్గది ఉండాలి అని లెక్క వేసుకున్నాను. నా తప్పు ఆ లెక్కలోనే ఉంది. అప్పట్లో అది తప్పని తోచలేదు, పిల్లల కోసమే చేస్తున్నాననుకున్నాను.

దగ్గరి పట్టణంలో ఒక వ్యాపార సంస్థ డబ్బివ్వడానికి ఒప్పుకుంది. వాళ్ళ తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు. వాళ్ళు అడిగింది ఫ్లెక్సీ ఒక్కటే. మిగతావన్నీ నేనే కోరుకున్నాను. వేదిక, సౌండ్ సిస్టం, టికెట్టు, నగరం నుంచి రిమోట్ కంట్రోల్ విమానాలు నడిపే కుర్రాళ్ళు. ఫోమ్‌తో చేసిన పెద్ద విమానాలు అవి, మోటారుతో గుండ్రంగా పల్టీలు కొడతాయి. వాటి ప్రొపెల్లర్ తగిలితే వేలు తెగుతుంది. కాబట్టి తాడు కట్టాలి. తాడు కట్టడం తప్పనడం లేదు. 2010 మార్చిలో బేగంపేట ప్రదర్శనలో నౌకాదళం సాగర్ పవన్ జట్టు విమానం బోయిన్‌పల్లి ఇళ్ళ మధ్య కూలి కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎగిరేదాంట్లో బరువూ వేగమూ పెరిగేకొద్దీ జనాన్ని దూరంగా నిలపాల్సిందే. నాకు తట్టనిది ఇంకొకటి. జనాన్ని రప్పించడానికి పెద్ద విమానం తెస్తే దాని వెంట తాడు వస్తుంది. గుప్పెడు బరువు కూడా లేని బెండు విమానానికి ఏ తాడూ అక్కర్లేదు, కానీ దాన్ని చేసిన పిల్లవాడు ఆ తాడుకు అవతల పడతాడు.

2019 జనవరి ఆదివారం జనం బాగా వచ్చారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆయన వచ్చేదాకా ఏదీ ఎగరకూడదని మైకులో చెప్పింది నేనే. అప్పటికే గాలి ఘాటీ ఎక్కుతోంది. మోటారు విమానాలు ఆ గాలిని లెక్కచెయ్యకుండా పల్టీలు కొట్టాయి. ఈలలు, చప్పట్లు. మధ్యలో పది నిమిషాలు మా బడి పిల్లలకు కేటాయించాం. బెండు విమానాలు చెయ్యి వదలగానే గాలికి తిరగబడి తాడు మీద పడ్డాయి. జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పిల్లల ఆటను చూసి నవ్వే నవ్వే. కానీ అంతకు ముందు ఏ ఏడూ వాళ్ళ విమానం కూలితే ఎవరూ నవ్వలేదు. కొండమీది ఊరి నుంచి వచ్చిన ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు తన వంతు వచ్చినా లోపలికి రాలేదు. విమానాన్ని బట్టల సంచిలో పెట్టి సంచి మూతి ముడేశాడు. చూశాను. పిలిచి, గాలి ఎక్కువైంది, నీ పనిలో లోపం లేదు, రేపు పొద్దున్నే వద్దామని చెప్పి ఉండాల్సింది. మైకు నా చేతిలో ఉంది, వేదిక మీద శాలువాలు కప్పుతున్నారు. చెప్పలేదు.

ఆ రాత్రి లెక్క చూసుకుంటే అన్నీ లాభంగానే కనిపించాయి. ఇంత జనం, ఇంత వసూలు, పేపర్లో ఫొటో. 2020 జనవరిలో మళ్ళీ పెట్టాం. ఈసారి పిల్లల చేతుల్లో విమానాలు లేవు. పది రూపాయల నోట్లున్నాయి. స్టాల్లో అమ్మే థర్మాకోల్ గ్లైడర్లు కొనుక్కున్నారు. అవి బాగానే ఎగిరాయి, విరిగితే పారేశారు. బెండు తేవాలా మాస్టారూ అని డిసెంబరులో ఒక్కరూ అడగలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టింది. డబ్బిచ్చినవాళ్ళు జనం తగ్గారని మానుకున్నారు. మార్చిలో బళ్ళు మూసేశారు. నాకు సాకు దొరికింది.

ఇంట్లో కూర్చున్న ఆ నెలల్లో అమెరికాలో సొంత చేతులతో విమానాలు కట్టుకునేవాళ్ళ చరిత్ర చదివాను. 1953లో మిల్వాకీలో పాల్ పోబెరెజ్నీ అనే పైలెట్ తనలాంటి కొద్దిమందితో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళు ఆయన ఇంటి నేలమాళిగే దాని కార్యాలయం. ఆ సెప్టెంబరులో జరిగిన మొదటి మేళాకు వచ్చినవాళ్ళు నూటయాభై మందికి మించరు. 1955లో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో ఎనిమిది వందల డాలర్ల లోపు బేబీ ఏస్ అనే విమానాన్ని ఇంట్లోనే ఎలా కట్టుకోవచ్చో ఆయన రాస్తే సభ్యులు వెల్లువెత్తారు. ఆ మేళా 1959లో రాక్‌ఫర్డ్‌కూ, 1970లో విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌కూ మారింది. 1975లో బర్ట్ రూటాన్ అక్కడ వేరీఈజీ చూపించాడు. నురుగు దిమ్మను వేడి తీగతో కోసి, ఫైబర్ గ్లాసు తొడిగి చేసిన విమానం. దాని ప్లాన్లు అమ్మితే ఎందరో తమ షెడ్లలో కట్టుకున్నారు. మా పొలంలో పది రూపాయలకు అమ్మించిన గ్లైడరూ అలాంటి నురుగుదే. చదువుతూ చదువుతూ అక్కడ ఆగిపోయాను.

2024లో మేళా జరిగిన వారంలో ఆష్‌కాష్‌కు వచ్చినవాళ్ళు 6,86,000 మంది, విమానాలు పదివేలకు పైగా. పెద్ద కంపెనీల గుడారాలు, యుద్ధ విమానాల విన్యాసాలు, రాత్రి బాణసంచా, అన్నీ ఉన్నాయి. దీని మీద అక్కడి పాత సభ్యుల గొడవ చిన్నది కాదు. 2012లో రన్‌వే పక్కనే కంపెనీ అతిథుల కోసం గుడారాలు వేస్తే, ఏళ్ళ తరబడి గడ్డిలో కూర్చుని చూసినవాళ్ళకు అడ్డం వచ్చాయి. పెద్ద దుమారం రేగింది. ఆ అక్టోబరులో సంస్థ అధ్యక్షుడు పదవి వదిలాడు, తర్వాత వచ్చినవాళ్ళు ఆ గుడారాల చోటు మార్చారు. మరుసటి ఏడు ప్రభుత్వం కంట్రోల్ టవర్ సిబ్బంది ఖర్చు కింద నాలుగున్నర లక్షల డాలర్ల దాకా కట్టమంది. అంత పెద్ద మేళా డబ్బు లేకుండా ఒక్కరోజు నడవదు, ఇది ఒప్పుకోవాలి. టికెట్టూ స్టాలూ పాపమేమీ కాదు.

మరి అక్కడ చేసేవాళ్ళు ఇంకా ఎందుకు మిగిలారు? ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. చికాగోలో ఉండే మా మేనల్లుడిని అడిగితే ఒక ఏడు వెళ్ళొచ్చి ఫొటోలు పంపాడు. విన్యాసాలవి రెండే ఉన్నాయి. మిగతావన్నీ షెడ్లలో తీసినవి. రేకుకు రివెట్ కొట్టడం, రెక్కకు గుడ్డ తొడగడం, వెల్డింగు, ఎవరు అడిగితే వాళ్ళ చేతికి పనిముట్టు ఇచ్చి నేర్పుతున్నారు. పిల్లలకు ప్రత్యేకంగా ఒక ఆవరణ ఉంది, అందులోనూ పనే. నేర్పేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు. "మామయ్యా, నాకూ రివెట్ కొట్టడం వచ్చేసింది" అని రాశాడు వాడు. కంప్యూటర్ల ఉద్యోగం వాడిది, సుత్తి పట్టి ఎరగడు.

ఇంకో సంగతి అక్కడి చట్టంలో ఉంది. విమానాన్ని అమెచ్యూర్ చేతి పనిగా నమోదు చెయ్యాలంటే అందులో సగానికి పైగా పని, నేర్చుకోవడానికో సరదాకో, కట్టేవాళ్ళు స్వయంగా చేసి ఉండాలి. కిట్ల వ్యాపారం ఎంతో పెరిగింది. వాన్స్ కంపెనీ కిట్లతో కట్టిన ఆర్‌వీ విమానాలే పదకొండు వేలు దాటి ఎగిరాయి. రంధ్రాలు కూడా ముందే వేసి పంపుతారు, డబ్బిస్తే పక్కనుండి సాయం చేసే కేంద్రాలూ ఉన్నాయి. పాతవాళ్ళు దీనికీ బాధపడతారు, వాళ్ళ బాధలో న్యాయముంది. అయినా వ్యాపారం ఎంత ముందుకొచ్చినా దాటరాని గీత ఒకటుంది. ఆ గీత జనాన్ని దూరం పెట్టే తాడు కాదు. చేసేవాణ్ణి లోపల ఉంచే గీత. నేను మా పొలంలో తాడు కట్టినప్పుడు ఆ రెండో గీత గియ్యలేదు. డబ్బు తీసుకున్నందుకు పశ్చాత్తాపం లేదు. ఆ డబ్బుతో బెండు కొనకుండా సౌండ్ సిస్టం అద్దెకు తెచ్చినందుకు ఉంది. పొద్దున్న నిశ్చలంగా ఉండే ఆ కాసేపటిని ఒక అతిథి రాక కోసం పిల్లల నుంచి లాక్కున్నందుకు ఇంకా ఎక్కువ ఉంది.

సంచిలో విమానం పెట్టుకుపోయిన పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, పార్వతీపురంలో మోటారు సైకిళ్ళ మెకానిక్. మొన్న బండి బాగు చేయించుకోవడానికి వెళ్ళి, ఆ రోజు సంగతి ఎత్తి, నాదే తప్పు నాయనా అన్నాను. వాడు స్పానర్ కింద పెట్టకుండానే, "గాలి లేచిపోయింది మాస్టారూ, నాకప్పుడే తెలుసు. ఎగరదని తెలిసి ఎందుకు వదలాలి?" అన్నాడు. నేను ఇన్నాళ్ళూ వాడు సిగ్గుపడ్డాడనుకున్నాను. గాలిని చదవడం ఆ మైదానంలో అందరికన్నా బాగా తెలిసినవాడు వాడొక్కడే. అలాంటివాడి మాట వినే ఏర్పాటు ఆ రోజు నా కార్యక్రమంలో లేదు.

వచ్చే జనవరికి మళ్ళీ మొదలుపెడుతున్నాం, వాడూ వస్తానన్నాడు. బెండుకూ రబ్బరుకూ డబ్బు కావాలి, దుకాణాలవాళ్ళను అడుగుతాను, ఇస్తే ఫ్లెక్సీ రోడ్డు పక్కన కడతాను. మంచు విడినప్పటి నుంచి గాలి లేచేదాకా మడుల్లోకి వచ్చేది తమ విమానంలో సగానికి పైగా తామే చేసుకున్నవాళ్ళు, వాళ్ళకు రబ్బరు పట్టేవాళ్ళు. గాలి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు ఆపాలో చెప్పే పని వాడికిచ్చాను. అతిథులు ఎవరైనా వస్తే తొమ్మిదిన్నర తర్వాత రమ్మంటాం, అప్పటికి టిఫిన్లు పెట్టే వేళవుతుంది.