సూదికి ముందే రక్తపరీక్ష

అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు అనగానే అది షుగరు వల్లేనని మధుమేహం ఉన్నవాళ్లు ముందే తీర్మానించుకుంటారు. ఆ పెద్దావిడా అలాగే వచ్చారు. షుగరు అదుపులోనే ఉంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మాంసం, గుడ్డు ముట్టరు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి మీద ఆనించి, "అదురు తెలుస్తోందా అమ్మా?" అన్నాను. "చల్లగా తగులుతోంది గానీ, అదురేం లేదండీ" అన్నారు. కళ్లు మూసుకుని నిలబడమంటే తూలిపోయారు. హిమోగ్లోబిన్ 12 ఉంది. ఎర్రకణాల సైజూ మామూలే. బి12 మాత్రం మిల్లీలీటరుకు 130 పికోగ్రాములే.

బి12 లోపిస్తే రక్తహీనత వచ్చి తీరాలని లేదు. రక్తం బాగున్నా నరాలు దెబ్బతింటూ ఉండవచ్చు. పైగా మన ఆడవాళ్లలో ఇనుము లోపం ఎక్కువ. బి12 తగ్గితే ఎర్రకణాలు పెద్దవవుతాయి, ఇనుము తగ్గితే చిన్నవవుతాయి. రెండూ కలిస్తే రిపోర్టులో సగటు సైజు సరిగ్గానే కనిపిస్తుంది.

ఇంకో కుర్రాడి రిపోర్టులో బి12 ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. మనిషిని చూస్తే నాలుక నున్నబడి, వేళ్ల కణుపులు నల్లబడి ఉన్నాయి. అడిగితే, "నీరసంగా ఉందంటే మా ఊళ్లో ఎర్ర సూది వేశారండీ, మర్నాడే పరీక్ష చేయించా" అన్నాడు. రిపోర్టు చూపింది ఆ సూదిలోని బి12 మందునే. రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎర్రకణాలు పెద్దవిగా, న్యూట్రోఫిల్స్ కేంద్రకాలు ఆరేసి తమ్మెలుగా చీలి ఉన్నాయి. సూది వేసినంత మాత్రాన అవి రాత్రికి రాత్రి మారవు.

సాధారణంగా బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే లోపం కిందే లెక్క. 200, 300 మధ్య ఉంటే తేల్చి చెప్పలేం. రక్తంలోని బి12లో కణాలకు అందేది కొంత భాగమే. అలాంటప్పుడు హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్షలు ఆసరా అవుతాయి. కిడ్నీ జబ్బుంటే ఇవి రెండూ పెరుగుతాయి కాబట్టి క్రియాటినిన్ కూడా చూసుకోవాలి.

నీరసమంటూ వెళ్లినప్పుడు సూది వేస్తామంటే, ముందు రక్తం తీయమని అడగండి. నరాల లక్షణాలుంటే రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, శాంపిల్ తీసిన వెంటనే వైద్యం మొదలుపెట్టవచ్చు. ఫోలిక్ ఆమ్లం మాత్రలొక్కటే వాడితే రక్తం పడుతుంది గానీ నరాల నష్టం ఆగదు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారు, శాకాహారులు తిమ్మిర్లు మొదలయ్యేదాకా ఆగకుండా అప్పుడప్పుడూ బి12 పరీక్ష చేయించుకోవాలి. ఆలస్యమైతే రక్తం కోలుకున్నంతగా నరాలు కోలుకోవు.