సహజశ్వాస – టర్బో తృష్ణ
1990 నాటి మాజ్దా మియాటాలోని 1.6 లీటర్ల ఇంజను సహజశ్వాసతోనే 116 అశ్వశక్తినిచ్చేది. అమెరికాలో ఒక యువకుడు దానికి టర్బో అమర్చాడు. తృప్తి కలుగక బూస్టు ఇంకా పెంచాడు. తృష్ణకు మేర ఏది?

కానీ ఆ ఇంజను సంపీడన నిష్పత్తి 9.4:1. నిర్గమవాయువుల వేగంతో తిరిగే టర్బో గాలిని ముందే సంపీడించి, తప్తం చేసి పంపుతుంది. సిలిండరు దానిని మళ్ళీ ఒత్తుతుంది. ఆ తాపానికి, జ్వాల చేరకముందే మిగిలిన ఇంధనమిశ్రమం స్వయంగా విస్ఫోటిస్తుంది. అదే నాకింగ్. ఆ లోహధ్వనిని అతడు బలసూచకమని భ్రమించాడు!

పిస్టన్లే భగ్నమౌతాయని తెలిసిన పిమ్మట ఇంటర్‌కూలరు చేర్చి, స్పార్కును కొంత ఆలస్యపరచి, బూస్టు తగ్గించాడు. ధ్వని శమించింది. తక్కువ సంపీడనానికి తగిన దృఢమైన పిస్టన్లకై ఇప్పుడు ధనం కూడబెడుతున్నాడు. నిగ్రహం అంతవరకేనేమో.