పుట్టినప్పుడు బరువెంత?

ఆ సైట్ ఫోర్‌మన్‌కు ముప్పై నాలుగేళ్లు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి దుబాయ్ వచ్చాడు. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం కొంచెం ముందుకు. కాలి పుండు మానడం లేదని క్లినిక్‌కు వస్తే షుగర్ బయటపడింది. "మా ఇంట్ల ఎవ్వలకూ లేదు సార్, నేను లావు గూడ లేను" అన్నాడు. తెలుగు డాక్టరు అడిగిన ప్రశ్న అతనికి వింతగా తోచింది: "పుట్టినప్పుడు బరువెంత?" బోటిమ్‌లో ఊరికి ఫోన్ కలిపి, డాక్టరు చేతికిచ్చాడు. అవతల తల్లి. "తూకం యాడిది సారూ, ఇంట్లనే పుట్టిండు. ఆ ఏడు కాలం గాలే. అంబలి తాగి కూలికి వోయిన. పిల్లగాడు పిడికెడంతే ఉండె."

డాక్టరు ఆ మాటలు కేస్‌షీట్‌లో రాసుకున్నారు.

ఈ ప్రశ్న వెనక ఒక పాత రిజిస్టరు ఉంది. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి నర్సులు పిల్లల పుట్టిన బరువు, ఏడాది నిండినప్పటి బరువు రాసిపెట్టారు. డేవిడ్ బార్కర్ బృందం ఆ పద్దులు పట్టుకుని 5,654 మంది మగవారి వివరాలు వెతికింది. పుట్టినప్పుడూ ఏడాదికీ తక్కువ బరువున్నవారే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో ప్రకటించింది. కడుపులో బిడ్డకు తిండి చాలనప్పుడు మెదడుకు ముందు దక్కుతుంది. కండ, క్లోమం, మూత్రపిండాలకు కోత పడుతుంది. మూత్రపిండాల్లోని వడపోత గొట్టాలు పుట్టుకకు కాస్త ముందే ఏర్పడడం ఆగిపోతుంది. తర్వాత ఎంత తిన్నా కొత్తవి రావు. లేమికి సర్దుకున్న ఒంటికి ముప్పై ఏళ్లకు పరోటాలు, కూల్‌డ్రింకులు, రాత్రి షిఫ్టులు తోడైతే ఆ లోటు జబ్బై బయటపడుతుంది.

"లావు లేను" అన్న ఫోర్‌మన్ మాటకు జవాబు పుణెలో ఉంది. అక్కడి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గర్భిణులనూ వారి పిల్లలనూ ఏళ్ల తరబడి గమనించారు. మన పిల్లలు ఇంగ్లండ్ పిల్లల కంటే బాగా తేలిగ్గా పుడతారు. అయినా తగ్గేది ఎక్కువగా కండే, కొవ్వు అంతగా తగ్గదు. 2004లో ఆయన లండన్ స్నేహితుడు జాన్ యుడ్కిన్‌తో కలిసి ఒక ఫొటో అచ్చువేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

మన తెలుగు నేల మీద జరిగిన పరిశోధన ఇంకా ఆశ కలిగిస్తుంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నడిపింది. అంగన్‌వాడీ పథకం అప్పటికి 15 ఊళ్లకే చేరింది. మిగతా 14 ఊళ్లు వంతు కోసం చూస్తున్నాయి. చేరిన ఊళ్లలో గర్భిణులకూ బాలింతలకూ రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకు 300 కేలరీలు ఇచ్చే మొక్కజొన్న, సోయా పిండి ఉప్మా పెట్టారు. పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు వచ్చాయి. అందరికీ అందుబాటులో ఉండే తిండే, వేళకు పెడితే గుండెకు కాపు కాసేలా కనిపించింది.

ఫోన్‌లో ఆ తల్లి ఆఖరికి అడిగింది: "నా వల్లనేనా సారూ?" కాదమ్మా, నువ్వు ఉన్నంతలో చేశావు, నీకు తిండీ విశ్రాంతీ దొరకకపోవడం నీ తప్పు కాదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. కొడుకు షుగర్ మందులతో, నడకతో అదుపులోకి వస్తుందనీ చెప్పారు. ఈ శాస్త్రాన్ని తల్లుల మీద నేరంగా మోపితే అంతకు మించిన అన్యాయం లేదు.

రెండో కేసు షార్జాలో ఉండే గుంటూరు అమ్మాయిది. ఐటీ ఉద్యోగం, తొలి చూలు, ఇరవై ఆరో వారంలో గర్భిణీ షుగర్. పురుడు పోయడానికి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ "రెండు ప్రాణాలండీ, రెండు ముద్దలు ఎక్కువే తినాలి" అంటుంది. ఇక్కడ ముప్పు లేమి కాదు, మిగులు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ లావవుతుంది, పెద్దయ్యాక షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పైగా ఈ అమ్మాయి శాకాహారి, బీ12 తక్కువ. తల్లికి ఫోలేట్ ఎక్కువై బీ12 తక్కువైతే ఆరేళ్ల పిల్లల్లోనే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని పుణె బృందం 2008లో చూపింది. డాక్టరు పెద్దావిడనే కూర్చోబెట్టి అన్నం తగ్గించి పప్పు, పెరుగు, కూర పెంచమన్నారు. పళ్లెం ఆమె చేతిలోనే ఉంది కదా.

ఎమిరేట్స్‌కూ తన లెక్క ఉంది. అల్ ఐన్‌లో ఆధునిక ఆసుపత్రి వచ్చిందే 1960లో. అదే ఊళ్లో యూఏఈ యూనివర్సిటీ 2017లో ముతాబఅ అనే అధ్యయనం మొదలుపెట్టింది. పదివేల మంది ఎమిరాతీ గర్భిణులను చేర్చుకుని, పిల్లలకు పదహారేళ్లు నిండేదాకా గమనించాలన్నది లక్ష్యం. ఎండ మండే ఈ దేశంలో తల్లులకు విటమిన్ డి కొరవడుతోందని కూడా అల్ ఐన్ వైద్యులే చెప్పారు. గర్భిణులకు రోజుకు 4,000 యూనిట్లు ఇస్తే తల్లికీ బిడ్డకూ అది క్షేమంగా అందుతుందని 2013లో వెలువడిన వాళ్ల ప్రయోగం తేల్చింది.

వలసవచ్చిన తల్లులు మాత్రం ముతాబఅ లెక్కలో లేరు. ప్రైవేటు ఉద్యోగినికి ప్రసూతి సెలవు 60 రోజులు. చాలా ఇళ్లలో ఆ తర్వాత బిడ్డ అమ్మమ్మతో ఊరికి వెళుతుంది. పుట్టిన కాగితం షార్జాలో, టీకాల కార్డు గుంటూరులో, పదిహేనేళ్ల తర్వాత రక్తపరీక్ష మరెక్కడో. అందుకే ఆ డాక్టరు ప్రతి తల్లికీ డిశ్చార్జ్ సమ్మరీని, బరువూ వారాలూ షుగరూ రాసిన పేజీ సహా, పాస్‌పోర్టు కాపీల ఫైల్‌లోనే దాచమంటారు. పురుడయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల్లో షుగర్ పరీక్ష మళ్లీ చేయించుకోమని అపాయింట్‌మెంట్ కూడా అప్పుడే రాసిస్తారు.